ముక్కులోని అడ్డగోడ ఒక పక్కకు ఉందట, అమ్మకు ఆపరేషన్ చేయించవచ్చా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక ఊరు. మా అమ్మకు 52 ఏళ్లు. పత్తి ఏరుతుంటే పక్క సాలులో ఉన్న మనిషి కనబడటం లేదని పోయిన ఏడాది నుంచి అంటోంది. రెండుసార్లు అద్దాలు మార్చినా తేడా రాలేదు. చివరికి ఎంఆర్ఐ తీయిస్తే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉందన్నారు. ముక్కులోంచి ఆపరేషన్ అని తేదీ ఇచ్చారు. తర్వాత తీసిన సీటీ రిపోర్టులో “స్ఫినాయిడ్ సైనస్ సెల్లార్ టైపు, లోపలి సెప్టం ఎడమ కెరోటిడ్ గోడకు అతుక్కుని ఉంది, కుడివైపు ఓనోడి సెల్, కీరోస్ టైప్ 2” అని రాశారు. అది చూసి సర్జన్ ఆపరేషన్‌ను పది రోజులు వెనక్కి జరిపారు. రక్తనాళాల కోసం ఇంకో సీటీ కావాలి, ఈఎన్‌టీ డాక్టర్ కూడా ఉండాలి అన్నారు. “పుట్టుకతోనే ఎముకలు తేడా ఉన్నయట, ముట్టుకుంటే ఉన్న చూపు కూడా పోతది, వద్దే వద్దు” అంటున్నాడు మా మేనమామ. ఇది లోపమా? నాకు, నా పిల్లలకు కూడా వస్తుందా? మళ్లీ స్కాన్ నిజంగా అవసరమా? అమ్మ మేడారం మొక్కుకుంది. జాతరకు ఇంకా పది వారాలే ఉంది. వెళ్లవచ్చా?
– ఒక కూతురు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో పత్తి చేను మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఎదురుగా ఉన్న కాయ కనబడుతుంది, చెయ్యి సరిగ్గానే పోతుంది, కానీ రెండు పక్కలా తెర దించినట్టు ఉంటుంది. ఇలాంటి చూపుతో మీ అమ్మ ఏడాది పాటు కూలికి వెళ్లింది.

రెండు కళ్ల నరాలూ మెదడు అడుగున ఒకచోట కలుస్తాయి. ఆ కలిసే చోటికి కిందనే పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. శనగ గింజంత ఉంటుంది, బరువు అర గ్రాము. అందులో గడ్డ పెరిగి పైకి తోసుకొస్తే ముందుగా నలిగేది పక్కచూపు తెచ్చే నరాల పోగులే. అద్దాలు ఎన్నిసార్లు మార్చినా లాభం లేకపోయింది అందుకే. నరం మీద ఒత్తిడి తీస్తే చూపు చాలామందిలో మెరుగవుతుంది. ఆలస్యం చేసినకొద్దీ తిరిగి వచ్చేది తగ్గుతుంది. అందువల్ల “వద్దే వద్దు” అన్న మామ మాట వెనక ప్రేమ ఉన్నా, ఆ మాట వింటూ కూర్చుంటే నష్టపోయేది అమ్మ కళ్లే.

రిపోర్టు సంగతికి వెళ్లే ముందు ఒక పని చేయండి. ప్రొలాక్టిన్ అనే రక్తపరీక్ష గురించి మీరు ఏమీ రాయలేదు. బహుశా చేసే ఉంటారు, ఫైల్లో వెతకండి. లేకపోతే రేపే సర్జన్‌ను అడగండి. పిట్యూటరీ గడ్డల్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేసే రకం ఒకటి ఉంది. అది పెద్దదైనా, చూపును నొక్కుతున్నా, చాలావరకు మాత్రలతోనే కుంచించుకుపోతుంది. కత్తి అవసరం రాకపోవచ్చు. దానితో పాటు కార్టిసాల్ (ఒత్తిడిని తట్టుకోవడానికి ఒంటికి కావాల్సిన హార్మోన్), థైరాయిడ్, సోడియం పరీక్షలు కూడా ఆపరేషన్‌కు ముందే చూసుకోవాలి. కార్టిసాల్ తక్కువగా ఉందని తెలియకుండా మత్తు ఇస్తే ప్రమాదం. ప్రొలాక్టిన్ రకం కాదని తేలితే ఇక ఆపరేషన్ దారే. నేను కింద రాసేదంతా ఆ దారి గురించే.

ఈఎన్‌టీ పీజీ సీటు రాకముందు నేను మూడేళ్లు వరంగల్‌లోనే అనాటమీ ట్యూటర్‌గా పనిచేశాను. మా గదిలో ఒక చెక్క బీరువా నిండా పుర్రెలు ఉండేవి. పైకప్పు కోసిన పుర్రెను చేతిలో పట్టుకుని పైనుంచి లోపలికి చూస్తే నేల మెట్ల బావిలా ఉంటుంది. ముందు నుంచి వెనక్కి మూడు మెట్లు దిగుతుంది. ముందు నుదుటి ఎముక, దాని నడుమ జల్లెడలా చిల్లులున్న ఎథ్మాయిడ్, మధ్యలో రెక్కలు చాచిన గబ్బిలం లాంటి స్ఫినాయిడ్, రెండు పక్కలా చెవిని మోసే టెంపోరల్ ఎముకలు, వెనక ఆక్సిపిటల్. మెదడు కూర్చునే నేల ఇదే. కిందికి వెళ్లే ప్రతి నరం, పైకి వచ్చే ప్రతి రక్తనాళం ఈ నేలలోని ఏదో ఒక చిల్లు గుండానే పోవాలి.

నేను పిల్లల చేతికి చీపురు పుల్లలు ఇచ్చి ఒక్కో చిల్లులో దూర్చమనేవాణ్ణి. ఒక పుర్రెలో జారిపోయిన పుల్ల, పక్క పుర్రెలో అదే చిల్లు దగ్గర ఇరుక్కునేది. మెడ సిర బయటికి వచ్చే దారి ఒక పుర్రెలో కుడివైపు నా చిటికెన వేలు పట్టేంత ఉంటే, ఎడమవైపు పెన్సిల్ కూడా కష్టంగా దూరేది. మెదడు నుంచి దిగే రక్తం ఎక్కువమందిలో కుడివైపు సిరలోకి ఎక్కువగా వస్తుంది కాబట్టి ఆ పక్క దారి పెద్దదవుతుంది. ఇంకో పుర్రెలో దవడ నరం బయటికి వచ్చే చిల్లు ముందు, మెత్తగా ఉండాల్సిన లిగమెంటు గట్టిపడి ఎముక కమ్మీలా అడ్డం వచ్చింది. ముఖం నరాల నొప్పితో బాధపడేవాళ్లకు చెంపలోంచి సూది పంపి ఆ చిల్లు దాకా తీసుకెళ్లి నరానికి చికిత్స చేస్తారు. అలాంటి కమ్మీ ఉన్న మనిషికి ఆ సూది వెళ్లడం కష్టం. ఆ పుర్రె ఎవరిదో, ఆయన బతికి ఉండగా ఎవరూ ఆ సూది వేయలేదు కాబట్టి తన తలలో ఒక కమ్మీ ఉందని తెలియకుండానే జీవితం గడిపేశాడు. పుస్తకంలో బొమ్మలా అచ్చుగుద్దినట్టు ఉన్న పుర్రె ఆ బీరువాలో ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు మీ అమ్మ రిపోర్టు.

పిట్యూటరీ గ్రంథి స్ఫినాయిడ్ ఎముక మీద చిన్న గుంటలో కూర్చుంటుంది. ఆ గుంటకు కింద, ముందు ఉన్నది గాలి నిండిన గది. దాన్నే స్ఫినాయిడ్ సైనస్ అంటారు. ముక్కు రంధ్రం అంచు నుంచి ఆ గది తలుపు దాకా సుమారు 7 సెంటీమీటర్లు. పుర్రె కోయకుండా, ముక్కులోంచి వెళ్లి, ఆ గదిలో అడుగుపెట్టి, దాని వెనక గోడ తెరిస్తే గడ్డ ఎదురవుతుంది. 1907లో హెర్మన్ ష్లోఫర్ అనే సర్జన్ ముక్కు వైపు నుంచి స్ఫినాయిడ్ మీదుగా పిట్యూటరీ గడ్డను మొదటిసారి చేరుకున్నాడు. అప్పుడు ముక్కును పక్కకు తిప్పి తెరవాల్సి వచ్చింది. ఇప్పుడు పెన్సిల్ కన్నా సన్నటి ఎండోస్కోప్ అనే కెమెరా గొట్టంతో, ముఖం మీద గాటు లేకుండా వెళ్తున్నారు.

“పుట్టుకతోనే తేడా” అన్న మామ మాటకు సమాధానం ఈ గదిలోనే ఉంది. బిడ్డ పుట్టినప్పుడు ఈ గది దాదాపు ఉండదు. అక్కడ ఉన్నది ఎముకే. రెండు మూడేళ్ల వయసు దాటాక ముక్కు లోపలి పొర ఆ ఎముకలోకి మెల్లగా చొచ్చుకుపోయి గాలికి చోటు చేస్తుంది. ఏడేళ్ల ప్రాంతంలో పిట్యూటరీ గుంట దగ్గరికి చేరుతుంది, యౌవనం దాకా పెరుగుతూనే ఉంటుంది. ఎవరికి ఎంత దూరం పోతుందో చెప్పలేం. కొందరికి గుంట ముందే ఆగిపోతుంది, ఎక్కువమందికి గుంట కిందికి వస్తుంది, అతి కొద్దిమందికి అసలు గాలి చేరక ఎముక ముద్దగానే ఉండిపోతుంది. మీ రిపోర్టులో “సెల్లార్ టైపు” అంటే గాలి గుంట కింది దాకా వచ్చిందని. ఎక్కువమందికి ఉండేది అదే, సర్జన్‌కు వీలైనదీ అదే. రిపోర్టు చదివి భయపడ్డారు గానీ, మొదటి మాటే మంచి వార్త.

ఇక సెప్టం. ఈ గది నిజానికి రెండు గదులు. కుడివైపు నుంచి ఒకటి, ఎడమవైపు నుంచి ఒకటి, దేనికది పెరుగుతూ వస్తాయి. మధ్యలో మిగిలిపోయిన పలుచని ఎముకే అడ్డగోడ. మన ఊళ్లలో అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు లేపిన గోడను గుర్తు తెచ్చుకోండి. ముందు గుమ్మం దగ్గర నడిమధ్యలోనే మొదలవుతుంది. వెనక్కి పోయేసరికి ఎవరి వాటా ఎక్కువైతే వాళ్ల అవతలి పక్కకు ఒరిగిపోతుంది. సరిగ్గా మధ్యలో ముగిసే గోడ తక్కువ. అది లోపం కాదు, రెండు పక్కలు ఒకే వేగంతో పెరగకపోవడమే.

అయితే ఆ గోడ ఎక్కడ ఆనుకుందన్నది ముఖ్యం. గదికి రెండు పక్కలా, వెనక మూలల్లో, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ నాళాలు పోతాయి. వాటి మీద ఎముక కప్పు చాలా పలుచన. కొందరికి ఒకచోట ఆ కప్పు కూడా ఉండదు, నాళం మీద పొర మాత్రమే ఉంటుంది. మీ అమ్మకు అడ్డగోడ వెనక కొస ఎడమ కెరోటిడ్ మీది కప్పుకు అతుక్కుంది. గడ్డ దాకా పోవాలంటే ఆ గోడ తీయాలి. గోడ మధ్యలో ముగిసి ఉంటే పట్టుకుని తిప్పి తీసేసినా పెద్దగా నష్టం ఉండదు. కెరోటిడ్‌కు అతుక్కున్న గోడను అలా తిప్పితే దాని కొసతో పాటు నాళం మీది కప్పు కూడా పెళ్లలా లేచి రావచ్చు. నాళం చిరగడం చాలా అరుదు, కానీ చిరిగితే ప్రాణం మీదికే వస్తుంది. తెలిసిన సర్జన్ ఆ గోడను తిప్పడు, లాగడు. సన్నటి డ్రిల్‌తో కొంచెం కొంచెం అరగదీస్తాడు, లేదా కొరికి తీసే పరికరంతో ముక్కలు ముక్కలుగా తీస్తాడు. కొసన కెరోటిడ్‌ను ఆనుకున్న చిన్న ముక్కను అవసరం లేకపోతే అక్కడే వదిలేస్తాడు. ఆపరేషన్ అదే, చేతి పని మాత్రం మారుతుంది. ఆ మార్పు ముందే తెలియాలి. సీటీ చేసింది అదే.

ఓనోడి సెల్ మాట మీ మామను ఎక్కువ భయపెట్టినట్టుంది. బుడాపెస్ట్‌లో పనిచేసిన అడోల్ఫ్ ఓనోడి అనే గొంతు, ముక్కు డాక్టర్ పేరు మీద వచ్చింది అది, రోగం పేరు కాదు. స్ఫినాయిడ్ గదికి ముందు చిన్న చిన్న గాలి అరలు వరుసగా ఉంటాయి. కొందరిలో వాటిలో చివరి అర వెనక్కి, పైకి పెరిగి స్ఫినాయిడ్ గది మీదికి ఎక్కి కూర్చుంటుంది. పాత పెంకుటింట్లో వంటగది మీద అటక ఉన్నట్టు. కంటి నరం ఆ అటక గోడలోంచే పోతుంది. సర్జన్ తాను స్ఫినాయిడ్‌లోకి వచ్చాననుకుని నిజానికి అటకలో ఉంటే, ఆయన చేతి పక్కనే కంటి నరం ఉంటుంది. “ముట్టుకుంటే చూపు పోతది” అనే భయం గాలిలోంచి పుట్టింది కాదు. కానీ ఆ ప్రమాదం అటక ఉందని తెలియనివాడి చేతిలోనే ఎక్కువ. తెలిసినవాడు స్ఫినాయిడ్ తలుపును కింద, ముక్కు మధ్య గోడకు దగ్గరగా వెతుకుతాడు. అటకను చూస్తూ చూస్తూ, నరం ఏ పక్క ఉందో తెలుసుకుని తెరుస్తాడు. ఎదురుగా నిలువుగా కోసినట్టు చూసే సీటీ బొమ్మలో స్ఫినాయిడ్ గది నడుమ గోడ నిలువుగా కాక అడ్డంగా కనబడితే, పైన ఓనోడి అర ఉందని అనుమానించాలి. మీ రేడియాలజిస్టు దాన్ని పట్టుకుని రాశారు. ఆయనకు మీరు రుణపడి ఉన్నారు.

కీరోస్ టైప్ 2 అన్నది మీ అమ్మ ఆపరేషన్‌లో పెద్ద విషయం కాదు. కానీ ఆ మాట నాకు సొంతంగా తెలుసు, అందుకే కొంచెం చెబుతాను. వాసన నరాలు దిగే జల్లెడ ఎముక, ముక్కు కప్పు నుంచి ఎంత లోతులో ఉందో 1962లో కీరోస్ మూడు రకాలుగా విడదీశాడు. 1 నుంచి 3 మిల్లీమీటర్లు మొదటి రకం, 4 నుంచి 7 రెండోది, 8 నుంచి 16 మూడోది. లోతు పెరిగినకొద్దీ దాని పక్క గోడ ఎక్కువగా ముక్కు వైపు బయటపడి ఉంటుంది. ఆ గోడ పుర్రె అడుగులోకెల్లా పలుచనిది. మా బీరువాలోని పుర్రెల్లో సగానికి పైగా అక్కడ విరిగిపోయే ఉండేవి. విరగని దాని కింద టార్చి పెడితే వెలుతురు ఇవతలికి వచ్చేది. దాని అవతల మెదడు పొర, ఆ పొర లోపల మెదడు చుట్టూ ఉండే నీరు.

పీజీ చివరి ఏడాదిలో నేను అసిస్టెంట్‌గా ఉన్న ఒక సైనస్ ఆపరేషన్ చెబుతాను. ముక్కులో కండ పెరిగిన నలభై ఏళ్ల రైతు. సీటీ తీశారు. ఫిల్ములు లైటు డబ్బా మీద పెట్టడం నా పని. ఆ రోజు కేసులు ఎక్కువగా ఉన్నాయి. రిపోర్టులో “రెండు పక్కలా పాలిప్స్” అన్న లైను చదివి నేను ఫిల్ము కవర్లోనే ఉంచేశాను. ఎవరూ అడగలేదు, నేనూ పెట్టలేదు. ఆపరేషన్ బాగానే అయిందనుకున్నాం. ఇంటికి పోయిన పన్నెండో రోజు ఆయన తిరిగి వచ్చి, పొలంలో నాటు వేయడానికి వంగితే కుడి ముక్కులోంచి నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయని చెప్పాడు. ఆ రోజు ఓపీలో కూర్చున్నదీ నేనే. జలుబు మాత్రలు రాసి పంపాను. నెల తర్వాత జ్వరం, మెడ బిగుసుకుపోయి స్ట్రెచర్ మీద వచ్చాడు. మెనింజైటిస్, అంటే మెదడు పొరలకు ఇన్ఫెక్షన్. దేవుడి దయ వల్ల బతికాడు. తొడ నుంచి పొర తీసి కన్నం మూశాం. అప్పుడు మా ప్రొఫెసర్ ఆ పాత ఫిల్మును లైటు మీద పెట్టి ఏమీ మాట్లాడకుండా వేలు పెట్టి చూపించారు. కుడి పక్క కప్పు ఎడమ దానికన్నా కిందికి ఉంది. ఎవరు చూసినా కనబడే తేడా. ఆ రైతు ఎముకల్లో ఏ తప్పూ లేదు. తప్పు, కవర్లోనే ఉండిపోయిన ఫిల్ముది, దాన్ని తీయని నాది. ఇప్పటికీ ఆయన ఎండాకాలంలో మా ఇంటికి మిర్చి తెచ్చిస్తాడు. ఆ మూట అందుకున్నప్పుడల్లా నాకు ఆ కవరు గుర్తొస్తుంది.

అందుకే అమ్మా, మీ సర్జన్ రిపోర్టు చూసి తేదీ జరిపారని చదవగానే నాకు భయం కలగలేదు, ధైర్యం కలిగింది. ఆయన ఫిల్ము చూశారు. చూసింది పట్టించుకున్నారు.

ఇంకో స్కాన్ ఎందుకంటే, ఎంఆర్ఐ, సీటీ చెప్పేవి వేరు. ఎంఆర్ఐలో గడ్డ, నరాలు, మెదడు బాగా కనబడతాయి. కానీ గాలీ నల్లగానే, గట్టి ఎముకా నల్లగానే కనబడతాయి. కాగితం మందం ఎముక గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులో తెలియదు. దానికి సన్నటి ముక్కలుగా, మిల్లీమీటరు లేదా అంతకన్నా తక్కువ మందంతో తీసిన సీటీ కావాలి. ఇప్పుడు అడుగుతున్నది మందు ఎక్కించి తీసే యాంజియో సీటీ. కెరోటిడ్ నాళాలు రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయి, గడ్డ వైపు వంగి ఉన్నాయా, నాళంలో ఎక్కడైనా ఉబ్బు ఉందా అన్నది అందులో తెలుస్తుంది. ఇదే బొమ్మను నావిగేషన్ యంత్రంలో ఎక్కిస్తే, పరికరం కొస ఇప్పుడు ఎక్కడ ఉందో తెర మీద చూపిస్తుంది. మందు ఎక్కించే ముందు కిడ్నీ పరీక్ష, క్రియాటినిన్, చూస్తారు. అమ్మ షుగర్ మాత్రలు వాడుతుంటే, గతంలో ఏ ఇంజెక్షన్‌కైనా ఒళ్లు దద్దుర్లు వచ్చి ఉంటే ముందే చెప్పండి. రక్తం పలుచన చేసే మాత్రలు, ఎకోస్ప్రిన్ లాంటివి వాడుతుంటే అది కూడా. నాటు మందులు వాడుతున్నా సిగ్గుపడకుండా చెప్పండి.

ఈఎన్‌టీ డాక్టర్ ఎందుకని కూడా మీకు అనుమానం ఉన్నట్టుంది. ఒకరు ఎండోస్కోప్ పట్టుకుంటే ఇంకొకరు రెండు చేతులతో పనిచేయాలి. ముక్కు దారి తెరిచి, చివర్లో ముక్కు మధ్య గోడ మీది పొరను రక్తప్రసరణ తెగకుండా తిప్పి కన్నం మీద కప్పడం మా పని. నీళ్లు కారకుండా కాపాడేది ఆ పొరే.

సర్జన్ దగ్గరికి మామను కూడా వెంట తీసుకెళ్లండి. సీటీ బొమ్మను కంప్యూటర్ మీద తెరిచి అడ్డగోడను చూపించమని అడగండి. రెండు నిమిషాల పని, ఏ మంచి డాక్టరూ కాదనరు. గోడ ఎలా తీస్తారు, ఓనోడి అర తెరవాల్సి వస్తుందా, ఇలాంటి ఆపరేషన్లు ఇక్కడ తరచుగా చేస్తారా, నావిగేషన్ ఉందా, ఒకవేళ కెరోటిడ్ నుంచి రక్తం వస్తే ఆపడానికి యాంజియో చేసే డాక్టర్ అందుబాటులో ఉంటారా అని అడగండి. చివరి ప్రశ్న అడగడానికి చాలామంది జంకుతారు. మీరు జంకకండి. ఆ సదుపాయం లేదంటే హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి చోటికి రాసివ్వమని అడగడం తప్పు కాదు. డాక్టర్‌ను అవమానించినట్టూ కాదు. ఖర్చు సంగతి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్‌కు అక్కడ అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఈ పది రోజుల్లో ఒక్క విషయంలో మాత్రం ఆగవద్దు. హఠాత్తుగా భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు ఒక్కసారిగా తగ్గడం, రెప్ప వాలిపోవడం, మనిషి మగతగా మారడం, వీటిలో ఏది వచ్చినా తేదీ కోసం చూడకుండా 108కు ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డలోకి రక్తం దిగితే అలా అవుతుంది. అప్పుడు గంటలు కూడా లెక్కే.

మీకు, పిల్లలకు స్కాన్లు అక్కర్లేదు. అడ్డగోడ ఎటు ఒరిగిందన్నది ఆపరేషన్ చేయించుకోబోయే మనిషికే అవసరమైన సంగతి. గడ్డ కూడా చాలామందిలో వంశపారంపర్యం కాదు. కుటుంబంలో ఇంకెవరికైనా పిట్యూటరీ గడ్డ గానీ, కాల్షియం పెరిగి పారాథైరాయిడ్ జబ్బు గానీ ఉంటే మాత్రం డాక్టర్‌కు చెప్పండి.

ఆపరేషన్ తర్వాతి రోజులు ఇంట్లో గడిచేవి, అందుకే వాటి గురించి మీకు బాగా తెలియాలి. సర్జన్ చెప్పేదాకా ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. బిందె ఎత్తడం, నేల ఊడ్చడానికి వంగడం, మల విసర్జనకు ముక్కడం ఏదీ వద్దు. మలబద్ధకం రాకుండా మందు ఇస్తారు, మానకుండా వేయండి. కొన్నాళ్లు వాసన తెలియక కూర మాడినా పసిగట్టలేకపోవచ్చు, పొయ్యి దగ్గర ఒక్కదాన్నే ఉంచకండి. ముక్కులోంచి, ముఖ్యంగా ముందుకు వంగినప్పుడు, ఒక పక్క నుంచి తేట నీళ్లు కారినా, గొంతులోకి ఉప్పగా దిగుతున్నట్టు అనిపించినా జలుబు అని కొట్టిపారేయకండి. ఎవరైనా జలుబు మాత్రలు రాసిచ్చినా ఊరుకోకండి. ఆపరేషన్ చేసిన డాక్టర్‌కే చూపించండి. మొదటి రోజుల్లో విపరీతమైన దాహం, ఆగకుండా మూత్రం వస్తే, తాగిన నీళ్లు, పోసిన మూత్రం సీసాతో కొలిచి రాసి పెట్టండి. ఇంటికి వచ్చాక, ఆపరేషన్ అయిన నాలుగో రోజు నుంచి పదో రోజు మధ్య, వికారం, తలనొప్పి, తికమక మాటలు కనబడితే సోడియం పడిపోయి ఉండవచ్చు. “నీరసం” అనుకుని పడుకోబెట్టకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి ఉంటే డాక్టర్ చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకూడదు.

ఇక మేడారం. పది వారాల్లో పది రోజులు ఆపరేషన్‌కు పోయినా, జాతర నాటికి ఎనిమిది వారాలకు పైగా గడుస్తుంది. జాతరకు వారం ముందు ఎండోస్కోప్‌తో ముక్కు లోపల చూపించుకోండి. పొర అతుక్కుందని, నీరు కారడం లేదని సర్జన్ చెబితే అమ్మను తీసుకెళ్లవచ్చు. చూపు పరీక్ష కూడా అప్పటికి ఒకసారి మళ్లీ చేయిస్తే, పక్క సాలు ఎంతవరకు కనబడుతుందో తెలిసిపోతుంది. ఆ జనంలో దుమ్ము ఎక్కువ, ముక్కుకు మెత్తటి మాస్కు కట్టండి. జంపన్న వాగులో తల ముంచనివ్వకండి, ముక్కులోకి నీళ్లు పోకూడదు. కాళ్లు కడుక్కుని నాలుగు చుక్కలు తల మీద చల్లుకుంటే చాలు. నిలువెత్తు బంగారం మొక్కు ఉంటే బెల్లం ముద్దలు మీరు, మామ మోయండి. అమ్మను ఖాళీ చేతులతో గద్దె దాకా నడవనివ్వండి.